ఇది ఏ చెట్టుది?

మన వెండితెర మీద సీసా మూత తీసినవాళ్ళు ఎందరో ఉన్నారు. కానీ రుచి చూసినవాడు ఒక్కడైనా ఉన్నాడా? కాస్త గుర్తు చేసుకోండి!

1953లో వచ్చిన 'దేవదాసు'లో అక్కినేని గ్లాసు పట్టుకుంటే హాలు హాలంతా కళ్ళు తుడుచుకుంది. ఆ మత్తు కళ్ళ కోసం దర్శకుడు వేదాంతం రాఘవయ్య రాత్రిపూట షూటింగు పెట్టారనీ, నిద్రకు బరువెక్కిన రెప్పలే మనకు మత్తుగా కనిపించాయనీ, అక్కినేని చుక్క కూడా ముట్టలేదనీ సినిమావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తరువాత విలన్ల కాలం వచ్చింది. మెలికల మెట్లు, ఎర్ర లైటు, బల్ల మీద వ్యాట్ 69! హీరోకి ప్రేయసి దూరమైతే సీసా. విలన్‌కి బంగారం దొరికితే సీసా. ఇక కల్లంటారా... అది ఇద్దరికీ పనికిరాదు. దానికి పాట కావాలి, తూలే కమెడియన్ కావాలి, చివర్లో ఓ కుండ పగలాలి.

గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని "ఇది ఏ ఊరి సరుకు?" అని అడిగిన పాత్రను నేనైతే చూడలేదు.

అలాంటి మనిషిని తెర మీద కాదు, మా మేనమామ ఇంటి వాకిట్లో చూశాను. ఆ ముచ్చటే ఇది. (మన రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండనివాళ్ళకు మందు అమ్మకూడదు. ఆ వయసు రాని మిత్రులు చదివి ఊరుకోవాలని మనవి!)

* * *

మాది నల్గొండ జిల్లా. మేనమామది దేవరకొండ దాటి డిండి వైపు వెళ్ళే దారిలో ఓ ఊరు. కులవృత్తి కల్లుగీత. మామకు అరవై దాటాయి. నడుముకు మోకు కట్టుకుని తాడెక్కడం మానేశాడు గానీ, ఈత చెట్లను మాత్రం ఇంకా వదల్లేదు. మా అక్కను ఇచ్చింది కల్వకుర్తి వైపు. అప్పట్లో అది మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా అయింది. జిల్లా పేరు మారినా మాకు మాత్రం అది పాలమూరే.

సంక్రాంతికి అందరం మామ ఇంట్లో చేరాం. ఊళ్ళన్నిటా కొత్త సినిమాలు విడుదలవుతుంటే మా ఇంట్లో ఓ సీసా విడుదలైంది! మా చిన్నమ్మ కొడుకు చదువుకోవడానికి ఇటలీ వెళ్ళాడు. సెలవులకు వస్తూ బట్టల మధ్య చుట్టి ఒక వైన్ సీసా తెచ్చాడు. తెల్ల వైన్. పేరు సోవావే.

మూత తీయడమే ఓ ఫైటింగ్ సీనయింది. బెండు మూత. దానికి వేరే పరికరం ఉంటుందట, అది మావాడు మరిచిపోయి వచ్చాడు. చివరికి బెండులోకి ఓ స్క్రూ బిగించి, కటింగ్ ప్లేయర్‌తో పట్టి, ఇద్దరం చెరోవైపు లాగాం. 'టప్' మని శబ్దం వచ్చేసరికి పిల్లలంతా చప్పట్లు!

స్టీలు గ్లాసులు తెచ్చింది అత్తమ్మ. "స్టీలు వద్దు, రంగు కనపడాలి" అన్నాడు తమ్ముడు. గాజు చాయ్ గ్లాసులు కడిగి తెచ్చాం. ఎండుగడ్డి రంగుకు కాస్త పచ్చదనం కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. మామ గ్లాసు ఎత్తి సూర్యుడికి అడ్డంగా పెట్టి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక గుక్క నోట్లో పోసుకుని, మింగకుండా అటూ ఇటూ తిప్పి, అప్పుడు మింగాడు.

మా తమ్ముడు నోరు తెరిచాడు. "అన్నా, అక్కడ దీనికి ఫీజు కట్టి నేర్చుకుంటరు. మామకు ఎవరు నేర్పిండ్రు?"

"నేర్పుడేందిరా? పట్నంల బేరగాడు వడ్లు నోట్లేసుకోడా? గిది గంతే" అన్నాడు మామ. తరువాత నాలుక చప్పరించి, "సల్లదనం తప్ప ఏం దెలుస్తలేదు" అని తేల్చేశాడు.

నిజమే. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టిన సీసా అది. మరీ చల్లగా ఉంటే వాసన పైకి లేవదు. ఇలాంటి వైన్‌కు 10 డిగ్రీల చల్లదనం చాలునని తమ్ముడు ఒప్పుకున్నాడు. గ్లాసులు అరుగు మీద పెట్టి పావుగంట ఆగాం. ఈసారి వాసన లేచింది. నాకు కోసిన ఆపిల్ ముక్క గుర్తొచ్చింది. మామ మాత్రం, "మామిడి పిందె తుంపితే వస్తది సూడు, ఆ వాసన. మింగినంక ఆఖర్ల యాపపుల్ల లెక్క సన్నగ సేదు" అన్నాడు. పుస్తకాల్లో దాన్ని బాదం చేదు అంటారట. బాదంకాయ కంటే వేపపుల్ల మాకు దగ్గర చుట్టం కదా!

ఇక అప్పుడు మొదలయ్యాయి మామ ప్రశ్నలు.

"ఇది ఏ చెట్టుది?"

"చెట్టు కాదు మామా, తీగ. గార్గానేగా అని ఒక రకం ద్రాక్ష. సీసాలో ఆ రకం కనీసం 70 శాతం ఉండాలి. మిగతాది కూడా వాళ్ళు ఒప్పుకున్న రకమే ఉండాలి."

"ఏ ఊరిది?"

"సోవావే అన్నది ఊరి పేరే. వెరోనా పట్నానికి తూర్పున ఉంటది. పందిరి మీద పాకిస్తరు."

పందిరి అనగానే నాకు ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల కనిపించిన అనాబెషాహి ద్రాక్ష పందిళ్ళు గుర్తొచ్చాయి. ఇక వెరోనా అంటే మీకు తెలిసిన ఊరే! రోమియో, జూలియట్‌ల ఊరు. జెఫిరెల్లీ తీసిన 'రోమియో అండ్ జూలియట్' 1968లో విడుదలైంది. సరిగ్గా ఆ ఏడాదే సోవావే వైన్‌కు ఇటలీ ప్రభుత్వం చట్టం కట్టింది. ఆ నేలలో పండిన ద్రాక్షతో, ఆ పద్ధతిలో చేస్తేనే సీసా మీద ఆ పేరు రాసుకోవాలి. కాదంటే లేదు.

"ఎప్పుడు దించిండ్రు?" మామ మూడో ప్రశ్న.

తమ్ముడు సీసా తిప్పి చీటీ మీద పంట పండిన సంవత్సరం చూపించాడు.

మామ సీసాను చేతిలోకి తీసుకుని ఎగాదిగా చూశాడు. "అబ్బో... సీసా గింత సదువుకున్నదా!"

* * *

ఇక భోజనాల సీను. ఏ కూరతో ఈ వైన్ పొత్తు కుదురుతుందో చూడాలని మా తమ్ముడి పట్టుదల. అత్తమ్మా అక్కా పొద్దుటి నుంచి పొయ్యి దగ్గరే ఉన్నారు.

మొదటి పరీక్ష నాటుకోడి కూర. ఒక ముక్క తిని ఒక గుక్క వేశాను. అమ్మో! నాలుక మీద నిప్పు రాజుకుంది. మిరపలోని మంటను మోసుకుపోయే నరం చివరలనే ఆల్కహాల్ కూడా రేపుతుందట. ఈ వైన్‌లో 12 శాతం దాకా ఉంది. మంట మీద కిరసనాయిలు పోసినట్టయింది! సాయంత్రపు కల్లులో మామూలుగా నాలుగైదు శాతం ఉంటుంది. పైగా కాస్త తీపి, కాస్త నురగ. కారాన్ని అది చల్లార్చుతుంది. మా తాతలు బోటికూరకు కల్లునే ఎందుకు జోడీ కట్టారో నలభై ఏళ్ళు దాటాక నాకు తెలిసింది.

రెండోది పచ్చిపులుసు. ఒక గుటక పులుసు తాగి వైన్ తాగితే, ఏముంది... మంచినీళ్ళే! తినేది తాగేదానికంటే పుల్లగా ఉంటే, తాగేది చప్పబడిపోతుంది. చింతపండు ముందు ద్రాక్ష పులుపు ఎంత? పెద్ద హీరో పక్కన నిలబడ్డ ఎక్స్‌ట్రా ఆర్టిస్టులా అయిపోయింది పాపం.

మూడోది సకినాలు. ఇక్కడ కథ మలుపు తిరిగింది. నువ్వులు, వాము, బియ్యప్పిండి, నూనెలో కాలిన వాసన... ఒక సకినం విరిచి నమిలి, ఒక గుక్క వేస్తే, ఆ ఆఖరి చేదు వెళ్ళి నువ్వుల కమ్మదనంలో కలిసింది. ఉప్పు వైన్ పులుపును మెత్తబరిచింది. ఉల్లిపాయ వేసిన శనగ గుడాలతోనూ పేచీ రాలేదు.

నాలుగోది డిండి చెరువు చేప. పిల్లల కోసం అక్క కారం లేకుండా, ఉప్పూ పసుపూ పట్టించి, నిమ్మకాయ పిండి వేయించింది. అదే ఆ పూట సూపర్ హిట్! వెరోనా పక్కన గార్దా అని పెద్ద సరస్సు ఉంది. అక్కడివాళ్ళు ఆ సరస్సు చేపతో ఈ వైన్ కూడా తాగుతారు. వాళ్ళకు గార్దా, మాకు డిండి. మంచినీటి చేప ఎక్కడైనా ఒకటే భాష మాట్లాడుతుంది కాబోలు.

"మాకూ లెక్కుంటది" అన్నాడు మామ. "పొద్దుగాల దించిన కల్లుకు ఏం వద్దు. ఉత్తగనే తాగాలె, మస్తంటే నాలుగు గుడాలు. పగటికి పులుపెక్కుతది, అప్పుడు ఎండుచాప. మాపటికి ఘాటయితది, అప్పుడు బోటి. ఈతది పలుచన, తాటిది చిక్కన. ఈతకల్లుకు పెట్టిన కూర తాటికల్లుకు పెట్టరు."

ఇదంతా ఎందుకంటే, చెట్టు నుంచి కారే నీరు కారుతున్నప్పుడే మారడం మొదలుపెడుతుంది. గాలిలోంచీ, కడగని లొట్టిలోంచీ ఈస్టు దాంట్లో చేరి, తీపిని తిని ఆల్కహాల్ చేస్తుంది. ద్రాక్షరసాన్ని వైన్ చేసేదీ ఆ ఈస్టే. లొట్టికి లోపల సున్నం పూస్తే ఆ పని ఆగుతుంది. అప్పుడు దిగేది నీరా. 2023 మేలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచాక పట్నం కుర్రకారుకు దాని పేరు తెలిసింది. వైన్‌కు సంవత్సరం ఎలాగో కల్లుకు గంట అలాగ. "ఎప్పుడు దించారు?" అని అడగనివాడు కల్లు తాగలేదన్నమాటే.

* * *

ఇంత సందడిలోనూ ఒక మనిషి గ్లాసు ముట్టలేదు. మా బావ. అక్క భర్త.

బావ ఒకప్పుడు పాలమూరు లేబరులో ఒకడు. ఊళ్ళూ రాష్ట్రాలూ తిరిగి కాలువలు తవ్వాడు, గోడలు కట్టాడు. ఒళ్ళునొప్పులకని తిరిగొచ్చాక రోజూ ఓ కల్లు దుకాణానికి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆ దుకాణం చుట్టూ చూస్తే తాడి లేదు, ఈత లేదు. కల్లు మాత్రం పీపాల కొద్దీ ఉండేది! వానలు తగ్గి, చెట్లు కొట్టేసి, గిరాకీ మాత్రం పెరిగిపోతే ఏమవుతుంది? నీళ్ళలో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలామ్ లాంటి మత్తుమందులు కలుపుతారు. తీపికి శాకరిన్ వేస్తారు. అది కల్లు కాదు, కల్లు వేషం వేసుకున్న మందు.

2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు ముమ్మరమయ్యాయి. దుకాణాలకు సరుకు ఆగింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో వందలాదిమంది వణుకుతూ, మూర్ఛలతో, మతి తప్పి మాట్లాడుతూ ఆసుపత్రులకు చేరారు. ఆ మందులు రోజూ పడిన ఒంటికి ఒక్కసారిగా ఆగిపోతే అలాగే అవుతుంది. డాక్టర్లు కూడా వాటిని మెల్లమెల్లగా తగ్గించి మాన్పిస్తారే తప్ప ఒక్క రోజులో ఆపరు.

అప్పుడు బావ మంచం మీద ఉన్నాడు. లేని చీమల్ని ఒంటి మీంచి దులుపుకుంటున్నాడు. మా అక్క చెయ్యి పట్టుకుని "నువ్వెవరు?" అని అడిగాడు. ఆ మాట విన్నప్పుడు అక్క మొహం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. సినిమాలో అయితే అలాంటి చోట వీణ మోగుతుంది. అక్కడ ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

బావ బతికాడు. కొన్ని నెలలు పట్టింది. అప్పటి నుంచి ఏదీ ముట్టడు.

ఆ సంక్రాంతి పూట నేను మొహమాటపడి సీసాను కొంచెం అవతలకు జరిపాను. బావ నవ్వాడు. "దాయకు బామ్మర్ది. తాగనులే. ఒకపారి వాసన సూస్త" అని నా గ్లాసు అందుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉన్నాడు. గ్లాసు తిరిగి నా చేతిలో పెట్టి అన్నాడు:

"మీరందరు మామిడి పిందె అంటున్నరు, యాపపుల్ల అంటున్నరు. నేను పదేండ్లు తాగిన బామ్మర్ది. అది ఎట్లుండెనో ఒక్కనాడు గూడ యాదికి రాదు."

వాకిలంతా నిశ్శబ్దం.

కాసేపటికి తమ్ముడు మెల్లగా అందుకున్నాడు. 1986లో ఇటలీలోనే వైన్‌లో మిథైల్ ఆల్కహాల్ కలిపితే 20 మందికి పైగా చచ్చిపోయారట. ఆ తరువాతే అక్కడ తనిఖీలు గట్టిపడ్డాయట. సోవావేకు కూడా 1970లలో అమెరికాలో గిరాకీ పెరిగి, కొండవాలు తోటలు చాలక మైదానాల్లో తీగలు పాకించి, నీళ్ళలాంటి వైన్ చేసి పేరు పాడుచేసుకున్నారట. కొండ మీది రైతులు పట్టుబట్టి ఆ పేరును మళ్ళీ నిలబెట్టుకున్నారు. అంటే, దొంగతనం మన సొత్తే కాదు. కానీ ఆ పేరుకో చట్టం ఉంది, సీసాకో చీటీ ఉంది. ఎక్కడ తప్పు జరిగిందో వెనక్కి నడిచి పట్టుకోవచ్చు.

"మన కల్లుకు చీటీ ఏడుంటది?" అన్నాను నేను.

"ఉండెరా!" మామ గొంతు పెరిగింది. "గీసినోని మొకమే చీటీ. నా చెట్టు కింద కూసోని తాగినోడు నన్ను చూసుకుంటనే తాగె. రేపు కడుపుల నొచ్చిందంటే నా ఇంటికే వచ్చె. ఎవని చెట్టో, ఎవడు గీసిండో తెల్వని కల్లు ఏనాడు తాగొద్దు. అడుగుడు మరిసిండ్రు, గంతే. గా అడుగుడు మరిసినంకనే సంచులల్ల పొడి వచ్చింది."

ఈ మాటలు రాసుకునేనాటికి, 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మళ్ళీ కొందరు ప్రాణాలు పోగొట్టుకున్న సంగతి కూడా నా ముందుంది. మా బావ కథ 2015తో ముగిసిపోలేదు. ఇంకెవరి ఇంట్లోనో రెండో ఆట నడుస్తూనే ఉంది.

* * *

మర్నాడు తెల్లవారకముందే మామ మమ్మల్ని లేపాడు. మంచు పట్టిన చెలకల మీదుగా నడిచాం. ఈతవనం చేరేసరికి తూర్పున ఎరుపు.

ఈత చెట్టును ఎప్పుడైనా దగ్గరగా చూశారా? తాటికి గెల కోస్తే కల్లు వస్తుంది, ఈతకు మెడ దగ్గర చెక్కుతారు. ఒక ఏడు ఒక పక్క, మరుసటి ఏడు ఎదుటి పక్క. అందుకే దాని మొదలు మెలికలు తిరిగి మెట్లు మెట్లుగా ఉంటుంది. ఆ గంట్లు లెక్కపెడితే ఎన్నేళ్ళు గీశారో తెలుస్తుంది. ఆ చీటీ ఎవరూ చించలేనిది.

మామ చెట్టెక్కి రెండు లొట్లు దించాడు. ఒకటి మామూలుది. ఒకటి ముందురోజే సున్నం పూసి కట్టింది. అది ఎవరికోసమో నేను అడగలేదు. తాటాకు రేకలు మడిచి మా చేతుల్లో పెట్టాడు. నా రేకలో పోసిన కల్లు ఇంకా పూర్తిగా కల్లు కాలేదు. తీపి, అంచున సన్నని నురగ, ఏదో పచ్చి ఆకు వాసన. సోవావే గొప్పదా, ఇది గొప్పదా అని మీరు అడుగుతారని తెలుసు. అక్కినేనా, రామారావా అని కొట్టుకునే వయసు దాటాను మిత్రులారా! రెండూ అసలైనవే. అందుకే రెండిటి రుచీ నాకు జ్ఞాపకం ఉంది. ఒక్క రేకతో ఆపాను. జ్ఞాపకం ఉండాలంటే అంతే తాగాలి.

సున్నం లొట్టిలోని నీరాను బావ రేకలో పోశాడు మామ. "పెద్దల్లుడా, దీంట్ల నిషా లేదు. తాగు" అన్నాడు.

బావ రెండు చేతులా రేక పట్టుకున్నాడు. కొంచెం తాగాడు. ఆగాడు. మళ్ళీ కొంచెం తాగాడు. వనంలోని చెట్లన్నిటినీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ వచ్చి, మామ వైపు తిరిగాడు.

"మామా, ఇది ఏ చెట్టుది?"

మామ జవాబు చెప్పలేదు. గొంతు పెగలలేదనుకుంటాను. కత్తి పట్టిన చేతిని ఎత్తి, మంచులో నిలబడ్డ ఒక ఈత చెట్టును చూపించాడు.